అమెరికా దొంగల పంచాంగం

పంచాంగాన్ని చిత్తూరు నుంచి తరిమేస్తానని బయలుదేరి, చివరికి దానికి ఒక అనుబంధం రాసిపెట్టి వచ్చిన మనిషిని నేను. ఇంతటి ఘనకార్యం మా హేతువాద మిత్రుల్లో మరెవ్వరూ చేయలేదు. వాళ్ల ముందు ఈ కథ చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతూ, మిగిలిన సమయమంతా ఊరిని సంస్కరిస్తూ ఉండేవాణ్ణి. సంస్కరించమని ఊరు అడిగిందా అనకండి. ఆ వయసులో అట్లాంటి చిన్న విషయాలు పట్టించుకోం. నాకు ఇద్దరంటే ఒళ్లు మంట. రాహుకాలం చూడనిదే గడప దాటని వాళ్లు ఒకరు. అమెరికా నాయకులంతా లంచమనే మాటే ఎరగని మహాత్ములని నమ్మేవాళ్లు ఇంకొకరు. చిక్కేమిటంటే ఇద్దరూ ఒకే జనం. కాబట్టి మందు కూడా ఒకటే చాలనుకున్నాను.

టీ కొట్టు పక్క గోడకు ఒక నల్లబల్ల తగిలించాను. రోజూ పొద్దున్నే పైన తేదీ వేసి, ఎప్పుడో అదే తేదీన అమెరికాలో ఒక నాయకుడు చేసిన, లోకం మరిచిపోయిన వెధవ పనిని కింద రాసేవాణ్ణి. చమురు భూములు అప్పగించి లంచం తిన్న మంత్రి, రాజకీయ శత్రువును తుపాకీతో కాల్చి చంపిన ఉపాధ్యక్షుడు... వెతికే ఓపిక ఉండాలే గాని, ఏ తేదీ ఖాళీగా దొరకలేదు. నా వాదం ఏమిటంటే, రాహువు పేరైనా వినని దేశంలో ప్రతి తేదీకీ ఒక దొంగ ఉన్నాడు, కనుక తప్పు తేదీది కాదు, మనిషిది. వేడి ఇడ్లీ అంత మెత్తని వాదం! జనం గొంతులో దిగడమే తరువాయి అనుకున్నాను.

దిగింది. కాకపోతే వేరే గొంతులోకి.

బల్లకు ఎదురుగా మునిరత్నం అనే పెద్దమనిషి అంగళ్ల వరస ఉండేది. ఆయన ఒక పొద్దున చమురు మంత్రి కథ చదివి, నవ్వుకుంటూ పొలానికి పోయి బోరు వేయించాడు. పౌడరు డబ్బా బోర్లించినట్టు దుమ్ము లేచింది తప్ప చుక్క నీరు పడలేదు. మర్నాడు వచ్చి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నిన్న ఈడ మీరు ముందే రాసినారు. నేనే పట్టించుకోలేదు. బోరు పోయింది."

"ఆ మంత్రికీ మీ బోరుకూ ఏం సంబంధమండీ? ఆయనది చమురు!"

"అదే నేను చెప్పేది. ఆయన యవ్వారం గూడా భూమిలో తవ్వేదే గదా!"

నేను బల్ల తుడిచి ఆనాటి దొంగను రాయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత జనం టీ తాగే ముందు బల్ల చదవడం మొదలుపెట్టారు. చరిత్ర మీద ఆసక్తి కాబోలని నేను పొంగిపోయాను. "ఈ పొద్దు ఎట్లుండాదప్పా?" అని ఒకడు అడగడం, "కాల్చి చంపిండేది రాసినాడు, మేకల బేరం రేపు పెట్టుకుందాం" అని ఇంకొకడు జవాబివ్వడం నా చెవిన పడింది. పరిహాసం అనుకున్నాను.

పరిహాసం కాదని చెప్పింది దర్జీ బాషా. రోడ్డు వార రేకుల పందిరి కింద అతని కుట్టు మిషను. మురుగు కాలువ తవ్వాలి, పందిరి పీకేస్తామని మున్సిపాలిటీ వాళ్లు చెప్పిపోయారు. తన వరసలో మూల అంగడి ఇస్తానని మునిరత్నం మాటిచ్చాడు. తాళంచెవి మాత్రం ఇవ్వడం లేదు.

"ఏం పని సార్ మీరు చేసింది?" అన్నాడు బాషా, మెడలో టేపు లాగి చేతికి చుట్టుకుంటూ. "దినామూ పోయి తాళం అడుగుతా ఉండాను. 'ఈ పొద్దు అమెరికా దోషం ఉండాది, రేపు రా' అంటాడు. రేపు పోతే రేపటి దొంగ! మీ అమెరికాలో ఒక్క దినమన్నా మంచోళ్లు లేరా సార్?"

"అది మూఢనమ్మకమని నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. 'నీకేం తెలుసు బాషా, రాసినాయన బాగా చదువుకున్నోడు' అన్నాడు. ఒక్క దినం బల్ల ఖాళీగా పెట్టండి సార్, నా పని అయిపోతుంది."

"ఖాళీగా పెడితే ఆ రోజు మంచిదని నేనే ముహూర్తం పెట్టినట్టు! నా ప్రాణం పోయినా పెట్టను."

"మీ ప్రాణం యాడికీ పోదు సార్. కాలువోళ్లు గడ్డపారలు దించినారు. పోయేది నా మిషనే."

ఆ మాట గుచ్చుకుంది. అతణ్ణి వెంటబెట్టుకుని నేరుగా మునిరత్నం దగ్గరికి పోయాను.

"చూడండి, మనకు తెల్లవారేసరికి అమెరికాలో ఇంకా నిన్నటి రాత్రే. మనకు దాదాపు పది కొడితే గాని వాళ్ల రాజధానిలో ఈ తేదీ పుట్టదు. ఇక మీ దోషం ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాను. భూమి తిరగడం గురించి టేబుల్ మీద నిమ్మకాయ తిప్పి మరీ చూపించాను.

మునిరత్నం మొహం పాలిపోయింది. "అట్లనా సార్! అంటే పది దాకా నిన్నటోడు, పది దాటినంక ఈ పొద్దుటోడు. దినానికి ఇద్దురు దొంగలా!"

బాషా నా వైపు చూశాడు. అతని చేతిలో కత్తెర ఉన్న సంగతి అప్పుడే గమనించాను.

"ఈ పొద్దుటోడు ఎవురు సార్?" అన్నాడు పళ్లు బిగించి.

"ప్రతిపక్షం ఆఫీసులో తన మనుషులు చేసిన దొంగతనాన్ని కప్పిపుచ్చబోయి, కుర్చీ వదిలిన అధ్యక్షుడు."

"జైల్లో ఏసినారా?"

"ఎక్కడ? తర్వాత వచ్చినాయన క్షమాభిక్ష పెట్టి వదిలేశాడు! ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా అన్యాయం..."

నా ఉపన్యాసం మొదటి మలుపైనా తిరగలేదు, బాషా ఎగిరి గంతేశాడు. "ఇన్నావా అన్నా? ఈ దోషానికి పరిహారం అయిపోయిండాది!"

"ఎవురు చేసినారు పరిహారం?"

"అధ్యక్షుడే! సంతకం పెట్టి!"

మునిరత్నం నా వైపు తిరిగాడు. "నిజమా సార్?"

నిజమంటే ముహూర్తం పెట్టినవాణ్ణి. కాదంటే అబద్ధమాడినవాణ్ణి, పైగా మిషను రోడ్డు పాలు.

"నిజమే" అన్నాను. ఒక నిజం చెప్పడానికి అంత సిగ్గుపడింది జీవితంలో అదే మొదలు.

మునిరత్నం గడియారం చూశాడు. "పది దాటింది. నిన్నటోడూ పోయినాడు. మీ చేత్తోనే ఇయ్యండి సార్" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మధ్యాహ్నానికల్లా బాషా మిషను మూల అంగట్లో టకటకలాడింది.

మర్నాడు కాస్త ఆలస్యంగా బల్ల దగ్గరికి పోయేసరికి నాకన్నా ముందే జనం ఉన్నారు. కొత్త ఆటో తీసేవాడొకడు, పెళ్లిచూపులకు పోవాల్సినవాడొకడు, పళ్లెంలో కొబ్బరికాయ, తమలపాకులు పెట్టుకుని ఒక పెద్దమ్మ.

"సామీ, క్షమాభిక్ష పడినోళ్ల దినాలు ఈ నెలలో ఇంకా ఏమన్నా ఉండాయా?" అంది ఆమె.

నా ఒళ్లు భగ్గుమంది. "దినాలూ లేవు, దోషాలూ లేవు! ఈ బల్లనే పీకి పారేస్తున్నాను!" అని అరిచాను.

వెనక నుంచి మునిరత్నం నెమ్మదిగా అన్నాడు. "పీకండి సార్, పదిలోపల పీకేయండి. అప్పటిదాకా పరిహారమైనోడే ఉంటాడు."

చేతి గడియారం చూసుకున్నాను. పది కావస్తోంది. గబగబా మేకులు పీకాను.

ఆ రోజు నుంచి సూర్యచంద్రుల సాక్షిగా, కాదు, క్షమించాలి, భౌతికశాస్త్ర నియమాల సాక్షిగా నాదొక ప్రతిజ్ఞ. ఏ దేశపు దొంగను గురించైనా రాస్తాను, ఎంతటివాణ్ణయినా చీల్చి చెండాడుతాను. పైన తేదీ మాత్రం వేయను.