అమ్మ మోచెయ్యి

నిన్న మంగళగిరిలో నడుంనొప్పికని మసాజ్ చేయించుకున్నాను. అక్కడి అమ్మాయి నా వీపు మీద మోచెయ్యి ఆనించి, మెల్లగా బరువు వేస్తూ, "లోపల బిగుసుకున్న కండ ఇలాగైతేనే వదులుద్దండీ" అంది. నువ్వులనూనె వాసనకి అమ్మ గుర్తొచ్చింది.

మిరప చేలకెళ్లే అమ్మల పిల్లలూ, మీకూ గుర్తుండే ఉంటుంది. కాయలు కోసొచ్చాక ఎంత కడిగినా వాళ్ల చేతుల మంట పోయేది కాదు. ఆడి ఆడి కాళ్లు పీకుతున్నాయని నేను ఏడిస్తే, అమ్మ మోచేత్తోనే నూనె రాసి, మోచేత్తోనే పిక్కలు నొక్కేది. "అరచెయ్యి తగిలితే నీకూ మంట పుట్టుద్దే" అనేది.

కోతలు అయిపోయాయని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏదో ఒక పొద్దున అమ్మ అరచేత్తో నా బుగ్గ నిమిరి లేపేది.