కోడిబండి పట్టుకుని బొబ్బిలికి

విజయనగరంలో మా బట్టల కొట్టు వెనకే మా ఇల్లు. ముందు గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. చుట్టాల ఇళ్ళలో అలాంటి బీరువాల్లో వెండి సామాన్లు పెడతారు, నేను బొమ్మలు పెడతాను. చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు, బొంగరాలు, తాటాకు గిలకలు, చెక్క తిరగళ్ళు ఏ తీర్థంలో కనిపించినా కొని తెచ్చుకుంటాను. ముప్పై ఏడేళ్ళ ఆడదానికి ఇదేం పిచ్చి అని మా అత్తగారు మొదట్లో విసుక్కున్నారు గానీ, ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తే ముందు ఆ బీరువానే చూపిస్తారు. దాని నడి అరలో పనసచెక్కతో చేసిన కోడిబండి ఉండేది. నాలుగు చక్రాల పలక మీద జానెడు కోడి. తాడు పట్టి లాగితే టకటకమని నేలను పొడిచేది. ఈ కార్తీకంలో దుమ్ము దులుపుతుంటే దాని చీల విరిగి తల వేలాడిపోయింది. "అమ్మా, ఇది ఎవరు చేశారు? వాళ్ళనే అడిగి బాగుచేయించు" అంది మా పదేళ్ళ అమ్మాయి. ఎవరు చేశారో నాకు బాగా తెలుసు. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నా తొమ్మిదో ఏట మా నాన్నగారు బొబ్బిలిలో కొట్టు నడిపేవారు. వీణలు చేసే వీధిలో ఉండే పైడమ్మ నా నేస్తం. ఆ కోడిబండి ఆమె తండ్రి చేసిందే. మేము బొబ్బిలి వదిలి వచ్చేసే రోజు దాన్ని తీసుకుని, బదులుగా నా జపాన్ సెల్యులాయిడ్ బొమ్మ ఇచ్చాను. ఆ బొమ్మ చెయ్యి అప్పటికే ఊడిపోయింది. తుమ్మజిగురుతో అతికించి, పైన గౌను చేతులు దించి ఇచ్చాను. ఎడ్లబండి స్టేషన్‌కు బయలుదేరాక పైడమ్మ నా పేరుపెట్టి పిలుస్తూ వెనక పరిగెత్తుకొచ్చింది. మోసం బయటపడిందని భయపడి బస్తాల వెనక దాక్కున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పిలుపు చెవిలో పడినట్టే ఉంటుంది. ఎంత అపురూపమైన బొమ్మ కొన్నా, దాని పక్కన పెట్టేటప్పుడు మనసు చివుక్కుమనేది.

కోడి చీల విరిగిన మర్నాడు ఉదయం ఆరున్నరకు రాయగడ వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల లోపే. కోడిబండిని పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. గజపతినగరంలో బండి పది నిమిషాలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద అమ్మే గారెలు వేడిగా ఉంటాయి, అక్కడే తినేయడం మంచిది, ఆ తర్వాత స్టేషన్లలో టీ తప్ప ఏమీ దొరకదు. కిటికీలోంచి కోతకొచ్చిన వరిచేలు చూస్తూ పైడమ్మతో ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ బాగోలేదు. తొమ్మిది కాకుండానే బొబ్బిలి వచ్చేసింది.

స్టేషన్ బయట ఒక ముసలి రిక్షాతను అర్ధ రూపాయికి ఒప్పుకున్నాడు.

"వీనలు సేసేవోల్ల ఈదికా? వీన కొంతారేటమ్మా?"

"కాదు బాబూ, కోడిని బాగుచేయించాలి."

అతను రిక్షా ఆపి వెనక్కి తిరిగాడు. "కోడికి జబ్బు సేస్తే పశువుల డాక్టరు కాడికి ఎల్లాల గానీ, వడ్రంగి ఏటి సేస్తాడమ్మా?"

తువ్వాలు విప్పి చూపించాను. పకపకా నవ్వి, దారి పొడుగునా కనిపించినవాళ్ళందరికీ ఆ మాట చెప్పుకుంటూ తొక్కాడు.

వీధి మలుపు తిరగ్గానే పచ్చి పనసచెక్క వాసన గుప్పుమంది. అరుగుల మీద సగం తొలిచిన వీణలు బోర్లించి ఉన్నాయి. పసుపుపచ్చని చెక్కపేళ్ళు ముంగిళ్ళ నిండా పరుచుకుని ఉన్నాయి. మొదటి అరుగు దగ్గర అడిగితే, పైడమ్మ మేనబావనే చేసుకుని ఆ వీధిలోనే ఉందని చెప్పి ఇల్లు చూపించారు. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని వీణ కుండను గరుకు కాగితంతో రుద్దుతోంది. జుట్టు సగం నెరిసింది.

"ఎవులమ్మా? ఎవుల కోసం వొచ్చేరు?" అంది తలెత్తకుండానే.

రైల్లో అనుకున్న మాటలన్నీ వదిలేసి కోడిబండిని ఆమె ముందు పెట్టాను. చేతిలో కాగితం పక్కన పడేసి కోడి వీపు మీద బొటనవేలితో నిమిరింది. "మా అయ్య సేసిన కోడి!" అని, అప్పుడు నా ముఖం చూసింది. "ఒసే కామాచ్చీ! నువ్వేనేటే?"

పక్కన కూర్చోగానే నేను మొదట చెప్పింది బొమ్మ సంగతే. చెయ్యి విరిగిన బొమ్మను అతికించి ఇచ్చానని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పైడమ్మ నవ్వింది.

"ఆ సెయ్యి అప్పుడే ఊడిపోనాది. రొంతసేపు ఏడిసినాను. మా అయ్య పనస సెక్కతో సెయ్యి సెక్కి అతికించేడు. తెల్ల బొమ్మకి పసుపు సెయ్యి! ఈదిలో పిల్లలంతా సూడ్డానికి వొచ్చేవోరు. మా సెల్లెల్లు ఆడేరు, నా కూతుల్లు ఆడేరు. ఆకరికి పొయ్యి కాడ ఎట్టేసి బగ్గుమనిపించేరు."

"మరి ఆ రోజు మా బండి వెంట పరిగెత్తావు కదే, తిట్టడానికి కాదూ?"

"తిట్టడానికేటి! ఆ కోడికి సీల నిలిసేది కాదు. సెడిపోయిన సరుకు నీకు అంటగట్టేనని మా అయ్య కసిరి, రెండు సీలలు సేతిలో ఎట్టి పరిగెట్టమన్నాడు. నీకు ఇనబడనేదు గావాల."

"వినబడింది. బస్తాల వెనక దాక్కున్నాను."

పైడమ్మ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "అయితే ఇన్నాల్లూ దాక్కునే ఉన్నావేటే?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వీపు మీద ఒక్కటి వేసి లోపలికి వెళ్ళి, ఉలీ చిన్న చెక్కముక్కా తెచ్చింది. పావుగంటలో చీల చెక్కి బిగించింది. తర్వాత తాడు అందుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కోడిబండిని లాగుతూ పోయింది. టకటకమని అది పొడుస్తుంటే అరుగుల మీద ఉలులన్నీ ఆగిపోయాయి. ఒక ముసలాయన పైడమ్మ తండ్రి పేరుపెట్టి "ఇది అప్పన్న సేసిన కోడిరా" అని కేకేశాడు. వెనకే నడిచిన నాకు, తిరిగి వచ్చేటప్పుడు తాడు చేతికిచ్చింది. సిగ్గుపడుతూనే లాగాను.

ఆమె పెట్టిన అన్నం, వంకాయ కూర తిన్నాక, "ఇది నీదే, నీ దగ్గరే ఉంచుకో" అన్నాను. వద్దంటుందని లోపల్లోపల అనుకున్నానని ఒప్పుకోవాలి. ఆమె వద్దనలేదు. "మా అయ్య సేతి పని ఇంట్లో ఒక్కటీ మిగల్నేదే. అన్నీ అమ్మీసినాడు" అని కోడిని తీసుకెళ్ళి దేవుడి గూటి పక్కన పెట్టింది. "ఆడాలనిపిస్తే రా. పిల్లని తోలుకొని రా."

నాలుగు గంటల బండిలో, ఖాళీ తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో ఉంచుకుని, గజపతినగరం వరకు దిగులుగానే కూర్చున్నాను. పైడమ్మ ఇంట్లో బొమ్మలు అరిగిపోయేదాకా, కాలిపోయేదాకా ఆడారు. నా ఇంట్లో అవి చెక్కుచెదరలేదు, ఎవరూ ఆడనూ లేదు. దాచుకోవడమే ప్రేమ అనుకుని సొంత కూతురిని కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ ఆదివారం బీరువా తాళం తీసేశాను. మా అమ్మాయి, వీధిలో పిల్లలు ఇప్పటికి రెండు లక్కపిడతలు, ఒక గిలక విరగ్గొట్టారు. ముందు గదిలో గోల భరించలేకపోతున్నామని అంటూనే మా అత్తగారు వాళ్ళతో తిరగలి ఆడుతున్నారు.

మీరూ చిన్ననాటి బొమ్మ వెతుక్కుంటూ బొబ్బిలి వెళ్ళాలనుకుంటే, విరిగిందైనా సరే దాన్ని వెంట తీసుకెళ్ళండి. మాటలతో వర్ణిస్తే ఎవరికీ తట్టదు, చేతిలో పెడితే చేసినవాళ్ళ పేరు వీధంతా చెబుతుంది.