ఆకుపచ్చ ముఖం

నలభై దాటాక, బోధన్‌లోని మా ఇంటి వరండాలో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్న రోజులు. వందల ఏళ్ల నాటి ఇటలీ చిత్రకారుడు వేసిన ఒక స్త్రీ ముఖాన్ని చూసి దించుతున్నాను. అప్పటివాళ్ల పద్ధతిలో ముందు ముఖమంతా ఆకుపచ్చ రంగు వేసి, ఆరాక దానిమీద ఒంటిరంగు వేయాలి.

ఆ పచ్చ ముఖం చూసి, బీడీలు చుట్టడానికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్ల ముందే మా అత్తమ్మ, "పీనుగ లెక్క ఉన్నది. ఇంట్ల పెట్టకు బిడ్డా" అంది. వాళ్లంతా నవ్వారు. సిగ్గుతో బొమ్మను గోడవైపు తిప్పేశాను.

పచ్చ ఆరాక, గులాబీ రంగు పలుచగా పొరలు పొరలుగా వేశాను. చెంపల్లోకి నెత్తురు వచ్చింది. అత్తమ్మ చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. బొమ్మకు దిష్టి తీస్తుందనుకుని పక్కకు జరిగాను.

"నువ్వెటు పోతున్నవ్? గా కుడిచెయ్యి ఇటు సాపు" అంది.

ఇప్పటికీ కుంచె పట్టేముందు ఆ చేతిని ఒకసారి చూసుకుంటాను.