మిరప ముఠా, ఎమ్మే ఇంగ్లీషు

ఆ రోజుల్లో మా తల్లాడ వైపు కాలేజీ కుర్రాడు కనిపిస్తే చాలు, ముందు "ఏం చదువుతున్నవ్?" అని, ఆ వెంటనే "అది చదివితే ఏమొస్తది?" అని అడిగేవాళ్లు. మొదటిదానికి నా దగ్గర గంభీరమైన జవాబు ఉండేది: ఎమ్మే ఇంగ్లీషు లిటరేచర్. రెండోదానికి దగ్గేవాణ్ణి. ఇంజనీరింగ్ చదివినవాడు ఇంజనీరు అవుతాడు (అవకపోయినా అయ్యాడనే వాళ్ల నాన్న చెప్పుకుంటాడు). లిటరేచర్ చదివినవాడు ఏమవుతాడో మా ఊళ్లో ఎవరూ చూడలేదు, నాతో సహా. అయినా గడ్డం పెంచి, మెడలో మఫ్లర్ చుట్టుకుని, మిరప చేను గట్టు మీద దిగులుగా నిలబడేవాణ్ణి. సాహిత్యం చదివేవాళ్లు అలాగే నిలబడతారని నా నమ్మకం. "గింత ఎండకు మఫ్లరేందిరా, గొంతు నొస్తుందా?" అంటూ అమ్మ మిరియాల కషాయం పట్టుకొచ్చేది.

మొదటి సెమిస్టర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చేసరికి నాన్న తీర్పు సిద్ధంగా ఉంది. "చదివింది చాలు. మీ మేనమామ పురుగుమందుల షాపుల కూసో. ఆ డబ్బాల మీద గూడ ఇంగ్లీషే ఉంటది, పొద్దంతా చదువుకో." నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ చదువంటే నాకు పిచ్చి ప్రేమ. ఎందుకని అడిగితే మాత్రం మళ్లీ దగ్గే.

సరిగ్గా అప్పుడే, నా అదృష్టం కొద్దీ, నాన్నకు కష్టమొచ్చింది. చేలో మిరప పండి ఎర్రగా వేలాడుతోంది, పైన మబ్బు పట్టింది, ఏరడానికి మనుషులు లేరు. ఏటా దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి కూలీల ముఠా వచ్చి, చేని పక్కనే గుడిసెలు వేసుకుని, ఏరడం పూర్తయ్యేదాకా ఉండేది. వాళ్లను వెంటబెట్టుకొచ్చే మేస్త్రి ఆ ఏడు కాలు విరిగి పట్నం ఆసుపత్రిలో మంచాన పడ్డాడు. నాన్న మాట్లాడేదంతా ఆ మేస్త్రితోనే. ముఠా వాళ్లు చేలో తమలో తాము కోయ భాషలో మాట్లాడుకోవడం విని, వాళ్లకు తెలుగు రాదని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. ఇప్పుడు ఆయన చూపు నా మీద పడింది.

"నువ్వు భాష చదివినవ్ గదరా. పోయి వాళ్లను తోలుకరా."

"నాయినా, నేను చదివింది ఇంగ్లీషు."

"ఏదైతే ఏంది, భాషనే గద! ముఠాను తెస్తే యూనివర్సిటీకి పో. తేకపోతే షాపుకు పో."

అలా మా మండలంలో ఇంగ్లీషు సాహిత్యానికి మొట్టమొదటి ఉద్యోగం దొరికింది. భద్రాచలం దాకా బస్సు, దుమ్ముగూడెం దాటేదాకా ఆటో, ఆపైన నడక. ఫోన్‌లో ఏదో ఒక యాప్ నన్ను గట్టెక్కిస్తుందని ధీమాగా వెళితే, అడవిలోకి రాగానే సిగ్నల్ పోయింది. పల్లెలో అందరూ నన్నే చూస్తున్నారు. (నేను హాస్టళ్లలో పెరిగినవాణ్ణి, నా ముఖం వాళ్లెవరికీ తెలియదు.) నోరు తెరిచి లాభం లేదని నాకు నేనే నిశ్చయించుకున్నాను. ఇక మిగిలింది డ్రామా పేపరు. (అందులో క్లాసులో నాకే మంచి మార్కులు, నటించినందుకు కాదు, నటన గురించి రాసినందుకు.) లేని మిరప మొక్కల ముందు వంగి లేని కాయలు ఏరాను. ఘాటుకు తుమ్మాను. ఆకాశం చూపించి ఉరిమాను, తడిసి గడగడా వణికాను. తర్వాత నాన్ననయ్యాను. మఫ్లర్‌ను నాన్న తువ్వాలలా కుడి భుజాన వేసుకుని, పొట్ట ముందుకు పెట్టి, కాలు ఈడ్చుకుంటూ తిరిగి, లేని కొడుకును షాపు వైపు తరిమాను. జనం పనులు వదిలేసి వచ్చారు. చప్పట్లు పడేసరికి ఒళ్లు తెలియక తుమ్మే ఘట్టం మళ్లీ ఆడాను.

ఆట ముగిశాక ఒక పెద్దామె లేచి, చక్కటి తెలుగులో అడిగింది. "బాగ చేసినవ్ బిడ్డా. మరి దోమతెరలేవి?"

దోమతెరలెవరైనా తెచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

"మలేరియా ఆట గాదా ఇది? ఏడాదికోసారి దవాఖానోళ్లు వస్తరు గద, ఆట ఆడి దోమతెరలిచ్చి పోతరు. నువ్వు గూడ గట్లనే వణికినవ్."

"మలేరియా కాదమ్మా, మిరపకాయలు! మాది తల్లాడ! ఏరనీకి రమ్మని వచ్చిన!"

"అవ్‌నా! మరి నోటితోని చెప్పొచ్చు గద?"

"మీకు తెలుగు రాదనుకున్నం."

"మేం నీకు మాటలే రావనుకున్నం. పాపం పిలగాడు, గిట్లన్న బతుకుతుండని అందరం చప్పట్లు కొట్టినం."

పల్లె పల్లెంతా పడీ పడీ నవ్వింది. మేస్త్రి లేకపోయినా వస్తామన్నారు. ఒకటే షరతు: ఏరినన్నాళ్లూ పని దిగాక నేను ఆ ఆట ఆడాలి.

ఆడాను. మా కల్లంలో, ఆరబోసిన మిరపకాయల పక్కనే. మొదటి సాయంత్రమే నాన్న వచ్చి ముందు కూర్చున్నాడు. తుమ్ములకు నవ్వాడు, ఉరుములకు తలూపాడు. నాన్న పాత్ర దగ్గరికి వచ్చేసరికి, తప్పించుకోవడానికి తుమ్మే ఘట్టం ఇంకోసారి ఆడాను. షాపు ఖాయమనుకుంటూనే పొట్ట ముందుకు పెట్టి నడిచాను. ముఠా అంతా నన్ను వదిలేసి ఆయన్నే చూస్తోంది. నాన్న లేచాడు. నా దగ్గరికొచ్చి మఫ్లర్ లాగేశాడు.

"తువ్వాల నేను ఎడమ భుజం మీద ఏసుకుంట. కాలు గూడ గట్ల ఈడ్వ. చేస్తే సరిగ్గ చెయ్, లేకపోతే గంత చదువుడెందుకు?"

తన తువ్వాల నా ఎడమ భుజాన వేసి, కాలు ఈడ్చుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. వాన రాకముందే మిరప ఇల్లు చేరింది. నేను యూనివర్సిటీ చేరాను.

ఇప్పుడు ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఏటా మొదటి రోజున ఎవరో ఒకరు "సార్, లిటరేచర్ చేస్తే జాబులుంటయా?" అని అడుగుతారు. "ఉంటయ్, మిరప ఏరే టైంల" అని ఈ కథంతా ఆడి చూపిస్తాను. పిల్లలు తెగ నవ్వుతారు. ఈమధ్య నాన్న పాత్రకు పెద్దగా కష్టపడాల్సిన పని ఉండటం లేదు. పొట్ట దానంతటదే ముందుకొచ్చింది, మోకాలు పట్టేసి కాలూ ఈడుస్తోంది. తువ్వాల మాత్రం మరిచిపోకుండా ఎడమ భుజానే వేసుకుంటాను. ఇప్పుడైనా సరిగ్గా చేస్తున్నానో లేదో చెప్పడానికి నాన్న ఉంటే బాగుండేది.