బాపమ్మ పంచిన దేవదారు పుల్లలు

ఆ రోజుల్లో నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే చాలు, నాకు కడుపు నిండిపోయేది. బస్సులో పక్క సీటావిడ అయినా, ఆర్మూరు బస్టాండులో మక్కకంకులు కాల్చే అవ్వ అయినా సరే, "ఏం చేస్తవ్ బిడ్డా?" అంటే అరగంటకు తక్కువ కాకుండా చెప్పేదాన్ని. (అడగకపోయినా చెప్పేదాన్ని, అది వేరే సంగతి.) చదువైపోగానే హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఏడాది కాంట్రాక్టు మీద చేరాను. హిమాలయాల్లో ముసలి దేవదారు చెట్లను వెతుక్కుంటూ పోయి, వాటి కాండంలోని పొరలను చదివి, ఆ కొండల్లో వెనకటి కాలంలో ఎప్పుడెప్పుడు కరువు వచ్చిందో తేల్చడం మా పని. కాంట్రాక్టు పొడిగించడమా, నన్ను ఇంటికి పంపడమా అన్నది మా మేడం చేతిలో ఉండేది. మేడం మంచిదే, కానీ నవ్వు విషయంలో మహా పొదుపరి.

ఊరంతా విన్నా నా గొప్పలు మా బాపమ్మ దగ్గర మాత్రం చెల్లేవి కావు. బాపమ్మ అంటే మా నాన్న తల్లి. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి, చేతిలో కనబడని పనిని పనే అనుకోదు. "చెట్లకు బొక్కలు పొడుసుడు గూడ ఒక కొలువేనా? వడ్రంగి పిట్ట జేస్తలేదా గా పని, జీతం లేకుంట?" అనేది. నేను ఓపిగ్గా చెప్పేదాన్ని. "బొక్క కాదు బాపమ్మా, సన్నటి బోలు మర ఒకటుంటది. గది తిప్పుకుంట పోతె చెట్టు లోపలికెళ్లి పెన్సిల్ కన్న సన్నటి పుల్ల బయటికొస్తది. చెట్టుకేం గాదు. ఏడాదికొక పొర పెరుగుతది గద, వానలు మంచిగ పడ్డ ఏడు పొర లావుగుంటది, కరువొస్తె సన్నగుంటది. గిట్ల వందల ఏండ్ల ముచ్చట గా పుల్లల ఉంటది." బాపమ్మ అంతా విని, "కరువొచ్చిందని చెట్టును అడుగుడెందుకే? నన్నడుగు, నేను జెప్త" అని తమలపాకు నమిలేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో నేను మొట్టమొదటిసారి కొండలకు వెళ్లొచ్చాను. ప్రతి చెట్టుకూ రెండు పక్కల నుంచీ రెండు పుల్లలు తీశాం. ఒక్కో పుల్లను ఒక్కో కాగితపు గొట్టంలో పెట్టి, ఏ చెట్టుదో గొట్టం మీద పెన్సిల్‌తో రాశాం. జతలో ఒకటి మేడం పెట్టెలో, రెండోది నా పెట్టెలో. ఒక పెట్టె పోతే ఇంకో పెట్టె ఉంటుందని మేడం ముందుచూపు. నా పెట్టెలో అన్నిటికన్నా ముసలి చెట్ల పుల్లలను మాత్రం విడిగా ఎర్రదారంతో కట్ట కట్టి, "ఇవి ప్రాణంతో సమానం" అంది. తాను ఇంకో కొండకు వెళ్తూ నన్ను తిన్నగా ఆఫీసుకు పొమ్మంది. నేను తిన్నగానే పోయాను. ఆఫీసుకు వరసగా సెలవులని అక్కడి వాచ్‌మన్ తాళం చూపించాడు. హాస్టల్లో పెట్టడానికి మనసొప్పక, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆర్మూరు బస్సెక్కాను.

ఇంటికి రాగానే బాపమ్మ ఎదురొచ్చి, "యాడికి వొయినవ్ బిడ్డా ఇన్నొద్దులు?" అంది. నేను ఊరుకోవచ్చు కదా! ఈసారైనా ఒప్పించాలని, "బద్రీనాథ్ పొయ్యే తొవ్వల, దేవదారు అడవికి" అన్నాను. బాపమ్మ ముఖం మారిపోయింది. పెట్టెను కళ్లకద్దుకుంది. నా ఉద్యోగానికి ఆ ఇంట్లో దక్కిన మొదటి గౌరవం అదే. ఆ ఆనందంతో అన్నం తిని, ప్రయాణం అలసట తీరేదాకా మొద్దులా నిద్రపోయాను.

లేచి చూసేసరికి పెట్టె మూత తీసి ఉంది. మిగతావన్నీ ఉన్నాయి, ఎర్రదారం కట్ట ఒక్కటే లేదు. వాకిట్లో బాపమ్మ చేతికంటిన పసుపు కడుక్కుంటోంది.

"బాపమ్మా, ఎర్రదారం కట్ట ఏది?"

"పంచిన."

"పంచినవా?"

"యాత్రకు వొయ్యొచ్చినోళ్లు ఉట్టి చేతులతోని వస్తరానే? ఇంటింటికి ప్రసాదం ఇయ్యాలె గద. నువ్వు సిన్నదానివి, నీకెర్కలేదు. దారం గట్టి తెచ్చినవ్ గని పంచుడు మర్చిపోయినవ్. నేనే పసుపు కుంకుమ వెట్టి గడపకొకటి ఇచ్చొచ్చిన."

"మరి గొట్టాలు? కాగితం గొట్టాలు?"

"గవ్వెందుకే? నీళ్లపొయ్యిల ఏసిన."

ఏ పుల్ల ఏ చెట్టుదో చెప్పే రాతంతా ఆ గొట్టాల మీదే ఉంది. ఆ రాత కాలి, నేను స్నానం చేయడానికి వేణ్ణీళ్లయి కాగుతోంది. "నా కొలువు వోయింది బాపమ్మా" అని అక్కడే కూలబడి ఏడ్చాను. బాపమ్మకు పొరల సంగతి అర్థమైందో లేదో కానీ, నా ఏడుపు మాత్రం అర్థమైంది. కొంగు బిగించి, "లెవ్వు. ఇచ్చిన చెయ్యే అడుగుతది, పా" అంది.

ఇచ్చిన ప్రసాదం తిరిగి అడగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పక్కింటి చిన్నమ్మ తలనొప్పికి మంచిదని అప్పటికే సానరాయి మీద అరగదీస్తోంది. బెరడు వైపు కొన కాస్త అరిగింది. అంటే ఆ చెట్టు చూసిన ఇటీవలి వానలన్నీ చిన్నమ్మ నుదుటి మీద ఉన్నాయన్నమాట! ఆటో అన్న తన ఆటోకు నిమ్మకాయ, మిరపకాయల నడుమ పుల్లను గుచ్చి కట్టాడు. "అక్కా, గిది గట్టినంక బ్రేకు గూడ మంచిగ పడుతున్నది, జర రేపు తీస్కపో" అని బతిమాలాడు. వెంటబడి తీసుకునే సరికి పక్కనున్న పెర్కిట్ దాకా ఆటోలో పోవాల్సి వచ్చింది.

అసలు తంటా పసుపు యార్డులో వచ్చింది. కమీషన్ దుకాణంలో తూకం వేసే కాటా మామ, ఆ పుల్లను ధర బాగా పలకాలని అంకాపూర్ రైతు పసుపు కుప్పలో దాచాడు. ఎక్కడ దాచాడో ఆయనకే గుర్తు లేదు. పచ్చటి కుప్పలో, పసుపు పూసిన సన్నటి పుల్ల! నేనూ బాపమ్మా కుప్పకు చెరోపక్క మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతుండగానే బేరగాడు వచ్చాడు. పసుపు కొనేవాళ్లు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి ఇరిచి, లోపలి రంగు చూస్తారు కదా. ఆ మహానుభావుడి చేతికి కుప్పలో ఇంకేదీ దొరకనట్టు మా పుల్లే దొరికింది. టక్కున ఇరిచాడు. "ఏందే ఇది? లోపల రంగే లేదు, కట్టె లెక్కున్నది!" అన్నాడు. రైతు లబోదిబోమన్నాడు. "కట్టె లెక్కగాదయ్యా, కట్టెనే! మా పిల్లది!" అని బాపమ్మ రెండు ముక్కలూ లాక్కుంది. తర్వాత రైతు చేత పది కొమ్ములు ఇరిపించి చూపించి, రంగు బాగుందని ఒప్పించేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

అలా తిరిగి తిరిగి అన్నీ పోగుచేశాం, ఒక్కటి తప్ప. ఎదురింటి తమ్ముడు ఆ పొద్దునే గల్ఫ్‌కు బయల్దేరాడు. బాపమ్మ ఇచ్చిన పుల్ల అతని సూట్‌కేసులో, బట్టల నడుమ ఉంది. ఫోన్ చేసే సరికి విమానం ఎక్కేశాడు; దిగాక ఫోన్లో, జాగ్రత్తగా దాచమని మాత్రం చెప్పగలిగాను.

మేడం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె పసుపు అంటిన పుల్లలను, నడిమికి విరిగినదాన్ని, కొన అరిగినదాన్ని వరసగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "అయితే ఒక చెట్టు గల్ఫ్ వెళ్లిందని పరిశోధన పేపర్లో ఎలా రాయను?" అంది. "విరిగింది అతికించు. వీటి జతలన్నీ నా పెట్టెలో ఉన్నాయి. ఏది దేనికి జతో నువ్వే తేల్చు. తేల్చాక కాంట్రాక్టు సంగతి మాట్లాడదాం."

నున్నగా సానబెట్టిన పుల్లలను సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని కూర్చున్నాను. జాకెట్టు ముక్క అంచును చీర అంచుకు ఆనించి చూసినట్టు, సన్నటి పొర పక్కన సన్నటి పొర వచ్చేదాకా జరుపుతూ పోయాను. కరువు వచ్చిన ఏడు ఆ కొండమీద చెట్లన్నీ చిక్కిపోతాయి, అలా ఏళ్లు కలుస్తాయి. ఏళ్లు కలిశాక, ఒక్కో చెట్టుకు తనదైన తీరు ఒకటి ఉంటుంది, దాన్ని బట్టి జత దొరుకుతుంది. మొదట్లో కళ్లు తిరిగాయి. తర్వాత ఒక్కొక్క చెట్టూ ఇంట్లో మనిషిలా తెలిసింది. చివరి జత కుదిరిన రోజు మేడం నవ్వింది. (నేను చూశాను, నిజంగానే నవ్వింది.) కాంట్రాక్టు పొడిగించారు. గొట్టాలు కాలకపోతే ఆ పని నాకు అంత బాగా వచ్చేది కాదని ఆమే ఒకసారి అంది. ఆ మాట బాపమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. "మీ మేడం నాకు జీతం ఇయ్యాలె" అని వాడకట్టంతా చెప్పుకుంది.

గల్ఫ్ తమ్ముడు మొదటి సెలవుకు వచ్చినప్పుడు చేతిరుమాలు విప్పి పుల్ల నా చేతిలో పెట్టాడు. కొన కూడా విరగలేదు. "ఫోన్ల జెప్పినవ్ గద అక్కా, పైలంగ దాచిన. గాడ ఎటు జూసినా ఇసుకనే. పెట్టె తెరిస్తె గిది అడివి వాసన వచ్చేది. రూములోళ్లంత వచ్చి వాసన జూసి వోయెటోళ్లు" అన్నాడు. కొలిచి చూస్తే అన్నిట్లోకీ ఎక్కువ సన్నపొరలు వరసగా ఉన్నది అందులోనే. ఆ కొండల పెద్ద కరువు మొత్తం అతని చొక్కాల మధ్య పడుకుని వచ్చిందని చెబితే, "నాకు సల్లగనే అనిపించింది" అని నవ్వాడు.

ఇప్పుడు నా కిందా కొత్తగా చేరిన పిల్లలున్నారు. కనబడ్డవాళ్లందరికీ తమ పని గురించి చెబుతుంటారు, నేను వింటూ నన్ను నేనే చూసుకుని నవ్వుకుంటాను. పెట్టె ఇంటికి తీసుకెళ్తామంటే మాత్రం, "ఇంట్లో బాపమ్మ ఉందా?" అని అడుగుతాను. వాళ్లకు అర్థం కాదు. మా ఇంట్లో ఇప్పుడు బాపమ్మ లేదు. ఆ గల్ఫ్ పుల్ల నా బల్ల మీదే ఉంటుంది, అప్పుడప్పుడు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాను. బాపమ్మ బొటనవేలు ఒత్తిన చోట, బెరడు పక్కనున్న చిట్టచివరి పొరలోకి పసుపు ఇంకిపోయింది, ఎంత సానబెట్టినా పోలేదు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పొర అది. కొలతకు మామూలు పొరే. నాకు మాత్రం చూసినప్పుడల్లా, ఆ ఏడు మస్తుగా వానలు పడ్డట్టే అనిపిస్తుంది.