ఎవరికీ వినిపించొద్దన్న పాట

మా కింది గదిలో ఉండే కాక చనిపోయాడని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులు. నెల క్రితమే సూరత్ నుంచి ఊరికి వెళ్లాడు. అక్కడే జ్వరం పట్టుకుంది, ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. "పోయిండు బిడ్డా, పోయిండు," అంది చిన్నమ్మ. పొయ్యి మీద కుక్కర్ కూతలు పెడుతూనే ఉంది.

ఆయనది జగిత్యాల దిక్కు పల్లె. మాది గోదావరి జిల్లా కావడంతో మొదట్లో బాబాయ్ అనేదాన్ని. పలికేవాడు కాదు. కాక అంటేనే పలుకుతాడు. ముప్పై ఏళ్లు సూరత్‌లోని అమ్రోలిలో సాంచలు నడిపాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. ఆ చప్పుడులో బతికినవాళ్లందరిలాగే ఆయనదీ పెద్ద గొంతు. మెట్ల కింద నుంచి "చాయ్ తాగినవా బిడ్డా?" అని నన్నడిగితే వీధి చివర ఇంకెవరో తాగామని చెప్పేవాళ్లు. నేను ఊరి పక్కనే హజీరాలో ఓ కంపెనీలో కాంట్రాక్టులు చూస్తాను, కాగితం లేనిదే దేన్నీ నమ్మను. "మా బిడ్డ ఆకలైతుందంటే గుడ కాయిదం అడుగుతది," అని అందరి ముందూ ఆటపట్టించేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచలన్నీ ఆగిపోయాయి. గల్లీలో అందరూ బెంబేలెత్తిపోతుంటే కాక గుమ్మంలో కూర్చుని నవ్వించేవాడు. "ఏం గాదు. గిదేంది, గింతకే బుగులు వడుతరా?" అనేవాడు. ఆ రోజుల్లోనే ఒక పాట కట్టాడు.

సాంచల సప్పుడు బందాయె, నా గొంతు నాకే ఇనవడె
ఇనవడ్డ తొలి మాట నీ పేరే, ఇంకో మాట యాదికి రాదాయె

పనులు మళ్లీ మొదలయ్యాక తోటివాళ్ల దగ్గర పాడితే ఎవరో ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు. చలికాలానికల్లా అది డప్పులతో, డాన్సులతో యూట్యూబ్‌లో వచ్చేసింది. కాక ముందు మురిసిపోయాడు. "మంచిగనే పాడిండు," అన్నాడు. కింద ఏం రాశారో చదవమన్నాడు. రచన, సంగీతం అని ఎవరిదో పేరుంది. చదివి వినిపించాను.

"మరి నేను కట్టలేదా బిడ్డా?" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. పాట కట్టినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్టర్ చేయకపోయినా అది పోదు అని చెప్పాను. కానీ ఎవరు ముందు అని గొడవ వస్తే రుజువు కావాలి. ఆ పాట పెట్టిన ఛానెల్‌వాళ్లకు రాస్తే వాళ్లూ అదే అడిగారు. ఈలోగా కాపీరైట్ దరఖాస్తులు తయారుచేశాను, మాటలకొకటి, రాగానికొకటి. రెండో దాని దగ్గర కాక నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రాగం నాది గాదు బిడ్డా. మా ఊర్ల బీడీలు చుట్టుకుంట అక్కలు పాడేది. మాటలే నాయి."

పాట పోయిందని కుమిలిపోతున్న మనిషికి ఈ పట్టింపేమిటని విసుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇన్నేళ్లు కాంట్రాక్టులు చదివి నేను నేర్చుకోని సంగతి ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

రుజువు లేకపోలేదు. పాట కట్టిన రోజే వాట్సాప్‌లో ఊళ్లో ఉన్న చిన్నమ్మకు పాడి పంపాడు. తేదీతో సహా ఆమె ఫోన్‌లో ఉంది. "ఇంకేం కాకా, అది చాలు!" అని నేను గంతేసినంత పని చేస్తే ఆయన తల దించుకున్నాడు.

"పాటకు ముందర జర ముచ్చట ఉంది. అది మీ చిన్నమ్మకే."

ఆ ముక్క కోసేద్దామనబోయి ఆగాను. కోసి పంపినదాన్ని ఎవరు నమ్ముతారు? ఆ మాటే చెప్పాను. "అయితే వద్దు తియ్," అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. కానీ ఎక్కడైనా ఆ పాట వినిపిస్తే పని ఆపి, అయిపోయేదాకా నిలబడేవాడని తోటివాళ్లు చెప్పారు.

దినాలయ్యాక చిన్నమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "పాట మీద పేరు లేకుంటనే పోయిండు గద బిడ్డా. పంపుతున్న. ఏం కొయ్యకు."

"కాక వద్దన్నాడు చిన్నమ్మా."

"నాకు పంపిండు, నాది. బుగులు వడ్డడని తెలుస్తే ఏమైతది? పాట ఆయనదని తెల్వాలె."

పంపాను. వారం తిరక్కుండా ఛానెల్‌వాళ్లు పేరు మార్చారు. మాటలు కాకవి అని ఉంది. రాగం బీడీలు చుట్టే అక్కలది అని దాని కింద ఇంకో వరుస నేనే పట్టుబట్టి రాయించాను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఉండాల్సిన చోట ఉంది.

ఆ సందేశం నా ఫోన్‌లోనూ ఉంది. గల్లీ అంతా వినిపించే గొంతుతో "తిన్నవా?" అని మొదలుపెడతాడు. తర్వాత గొంతు తగ్గిపోతుంది. "ఈడ అందరికి ఏం గాదని చెప్తున్న గని, నాకే బుగులైతాంది. ఇంటికొస్తనో రానో. నీ మీద ఒకటి కట్టిన. నవ్వద్దు. ఎవ్వలకు ఇనిపియ్యకు." వెనక సాంచల చప్పుడు లేదు. ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, పక్కగదికి కూడా వినపడనంత మెల్లగా పాట ఎత్తుకుంటాడు.