అత్తమ్మ ఎడమకాలు

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. ఒళ్ళు భారీ, నోరు ఇంకా భారీ. బీదర్ బజారులో మా పప్పుల హోల్‌సేల్ దుకాణాన్ని, మామయ్య పోయినప్పటి నుంచి రోజూ ఆమే తెరిచేది. చెప్పులు బయట విడిచి, గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళేది. ఆ గడప పాతకాలపుది, బాగా ఎత్తు. దాన్ని తొక్కితే లక్ష్మిని తొక్కినట్టేనని మా ఇంట్లో అందరికీ భయం.

పోయినేడు వానాకాలంలో అత్తమ్మ స్నానాల గదిలో జారిపడింది. ఎముకలకేం కాలేదు, ధైర్యం మాత్రం పోయింది. ఒంటికాలి మీద క్షణం కూడా నిలబడలేకపోయేది. గడప తొక్కకుండా దాటలేనప్పుడు దుకాణానికే రానని తేల్చేసింది. మా ఆయన గడప తీయించేస్తానన్నాడు.

"గడప తీసేస్తవా? దుకాణం గూడ తీసేయ్, అయిపాయె!" అని విరుచుకుపడింది.

వెనక గోదాములోంచి దారి ఉంది కదా, అటునుంచి రమ్మన్నాను. "దొంగ లెక్క ఎన్కకెళ్ళి వస్తనా?" అంది. తర్వాత ఇంట్లో కుర్చీలో కూర్చుని అందరినీ తిట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆ తిట్లలో కూడా పస తగ్గింది. అప్పుడు నాకు నిజంగా దిగులేసింది.

భాల్కి నుంచి బస్సులో వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిపించాను. అప్పటికే అత్తమ్మ ఒళ్ళు తగ్గించుకోవాలని రాత్రి భోజనం మానేసి, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని గోల పెడుతోంది. ఆ కన్నడ పిల్ల వచ్చీరాని తెలుగులో, "అజ్జీ, ఊట, అదే భోజనం, మానేస్తే కాళ్ళకు బలం ఎక్కడిది?" అని కసిరింది. మా అత్తమ్మను కసిరిన మనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

కసరత్తు గోదాములో, కందిపప్పు బస్తాల మధ్య సందులో. పోయేది దుకాణంలోకి కాదు, గోదాములోకే కదా అని సర్దిచెప్పుకుని వెనక దారిన వచ్చేది. అటూ ఇటూ బస్తాలు, తూలితే పట్టుకోవచ్చు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, అడుగు ముందు అడుగు ఆనించి నడవాలి, ఒక కాలెత్తి నిలబడాలి. "నిలబడవే, తిని కూసునేటందుకేనా నువ్వు!" అని తన కాలిని తనే తిట్టేది. చెమటలు కారుతున్నా మానేది కాదు. ఆ మొండితనం చూస్తే నాకు ముచ్చటేసేది.

ఒక శుక్రవారం ఆమె బదులు నేను దుకాణం గడపకు పసుపు రాసి లేచేసరికి ముందువైపు అత్తమ్మ నిలబడి ఉంది. కుడికాలు దర్జాగా లోపల పెట్టింది. అక్కడితో ఆగిపోయింది. ఎడమకాలు లేవలేదు. గడపకు అటొక కాలు, ఇటొక కాలు, ఎదురు దుకాణం వాళ్ళంతా చూస్తున్నారు. నేను పట్టుకుని లాగితే ఎడమ మడమ గడప మీద ఈడ్చుకుంటూ వచ్చింది. మడమంతా పసుపు.

అడిగితే బయటపడింది. రెండు కాళ్ళూ ఎత్తమని ఆ అమ్మాయి చెప్పినా, ఆమె రాని రోజుల్లో అత్తమ్మ కుడికాలే ఎత్తేదట. "లోపటికి పోయేది కుడికాలే గదా, ఎడమదాంతోని ఏం పని?" అంది. నవ్వబోయి ఆగిపోయాను. ఆమె ఏడుస్తోంది. మామయ్య పోయిన తర్వాత ఆమె ఏడవడం మళ్ళీ అప్పుడే చూశాను.

ఇక వదిలేస్తుందనుకున్నాను. మర్నాడు నేను వెళ్ళేసరికి బస్తాల మధ్య ఎడమకాలెత్తి నిలబడి ఉంది.

ఉగాది వెళ్ళాక ఒక పొద్దున మళ్ళీ ముందువైపుకు వచ్చింది. చెయ్యి అందించబోయాను.

"నీ చెయ్యి నీ కాడ పెట్టుకో."

కుడికాలు లోపలికి వెళ్ళింది. కాసేపు అలాగే నిలబడింది. ఎడమకాలు మెల్లగా లేచి, గడప మీదుగా వచ్చి, లోపల ఆనింది.

"పసుపు అంటిందా, సూడు," అంది అనుమానంగా.

నేను వంగేలోపే ఆమే ఎడమకాలు వెనక్కి ఎత్తి చూపించింది. మడమ శుభ్రంగా ఉంది. నేను తలెత్తి చూశాను. ఆమె చేతులు రెండూ దేన్నీ పట్టుకుని లేవు.